అప్పుచేసి చదివింపవచ్చునా?

(తిరుపతియందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చదువబడిన యుపన్యాసము)



విద్యనుగుఱించి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరియున్నారు. విద్య మంచిదని చెప్పుటకు మాబోటివారి యవసర మిచ్చట లేదు. ప్రతిసంవత్సరమును ఈ వేదికమీద విద్యాప్రశంస జరుగుచునే యున్నది. విద్యాభివృద్ధి తీర్మానము కరతాళధ్వనులమధ్య నంగీకరింపబడుచునే యున్నది. సభ ముగిసినపిమ్మట ఎవరి యూరికి వారు మఱలిపోయి, బిడ్డ ఫీజుకై యెవరియొద్ద అప్పు పుట్టునా యని తిరుగుచున్నారు. కావున మేము నేడు విద్యను పొగడుట మాని, ఆ యప్పునుగుఱించియే మాటలాడ దలచితిమి. నేటి మధ్యాహ్నము విషయనిర్ణయసభలో మన సత్రముపై రెండవ యంతస్తు కట్టించు ప్రస్తావన రానున్నది. మా మాటలకును ఆ ప్రస్తావనకును సంబంధము కలదు. అది ముందే చెప్పుట న్యాయము.

మన మిప్పుడు కూడినది ఋణగ్రస్తుడైన దేవుని పాదములచెంత. పద్మావతీపరిణయమునకై శ్రీనివాసుడు కుబేరునియొద్ద ధనము గైకొని, కలియుగాంతమున అసలు తీర్తునని పత్రము వ్రాసి యిచ్చెనని స్థలపురాణము. నాటినుండి ఆయన వడ్డికాసులవాడు. ఆ పత్రమునకు బ్రహ్మయు శివుడును సాక్షులైరి. ఈ కథలో భక్తులు సామాన్యముగా వడ్డిని మాత్రము జ్ఞాపక ముంచుకొందురు, సాక్షులను మఱతురు. సాక్షి లేనిదే దేవునికైనను అప్పు పుట్టలేదు. మఱియొక విశేష మేమన, ఆ వడ్డిని స్వామి యొక్కడు తీర్చుట లేదు. కొండకు పోయిన ప్రతివాడును తనకు తోచినది హుండీలో వేసి, ఆయన పెండ్లియప్పులో పాలుపంచుకొనుచున్నాడు. మనవారును పెండ్లికి అప్పుచేయుటకు ఏనాడును వెఱవలేదు. పెండ్లియప్పునకు ఊరంతయు సాక్ష్యమిచ్చును. చదువునప్పునకు మాత్రము తండ్రి యొంటరిగా, చీకటిపడినతర్వాత, ఎవరును చూడకుండ వడ్డివ్యాపారి గుమ్మ మెక్కుచున్నాడు.

పూర్వమున మన ప్రాంతమునుండి పైకి వచ్చినవా రెట్లు చదివిరో చూతము. తరువాతికాలమున చిత్తూరుజిల్లాలో చేరి, 1960లో మద్రాసురాష్ట్రమునకు పోయిన తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణగారు ఈ తిరుపతిలోనే లూథరను మిషను పాఠశాలలో చదివిరి. పిమ్మట వేలూరును, మద్రాసు క్రైస్తవకళాశాలయును. ఆద్యంతము విద్యార్థివేతనములే వారి కాధారము. వారు తత్త్వశాస్త్రము నేల యెన్నుకొనిరి? అదే కళాశాలలో చదివి ముగించిన జ్ఞాతి యొకరు తమ పాతపుస్తకములను వారి కిచ్చిరి, అవి తత్త్వశాస్త్రగ్రంథములు, వేఱు పుస్తకములు కొనుటకు శక్తి లేదు. భారతరాష్ట్రపతియైన మహాపండితుని శాస్త్రమును నిర్ణయించినది పాతపుస్తకముల మూట. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డిగారు ధనహీనులు కాకున్నను, కేంబ్రిడ్జికి పోయినది ప్రభుత్వవిద్యార్థివేతనముమీదనే. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు మొదటి యుపాధ్యక్షులై, ఎందఱి చదువునకో దారి చూపిరి. వీ రిరువురకును చదువు ముగియునాటికి వాయిదా కట్టవలసిన పత్రము చేతిలో లేదు. ఉన్నయెడల ఒకరు తత్త్వము బోధించుచు, మఱియొకరు విశ్వవిద్యాలయమును నడుపుచు నుండగలిగెడివారో లేదో!

ఇక మన యిండ్లకు వత్తము. మదనపల్లెలో 1915లో బిసెంటు దివ్యజ్ఞానకళాశాల వెలసెను. తిరుపతిలో దేవస్థానమువారు 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాలను, 1952లో శ్రీ పద్మావతీ మహిళాకళాశాలను స్థాపించిరి. 1954లో విశ్వవిద్యాలయము వచ్చెను; 1983లో స్త్రీలకై వేఱుగ విశ్వవిద్యాలయ మేర్పడెను. ఇంటిభోజనము తిని, కాలినడకను కళాశాలకు పోయి పట్టభద్రులైనవా రీ సభలో పలువురు కూర్చుండియున్నారు. వారికి విద్యకును అప్పునకును సంబంధమే తెలియదు. అందుచేతనే కాబోలు, నేటి తండ్రుల వ్యథ వారికి వింతగా తోచును. "మేము చదువలేదా, అప్పు చేసితిమా?" యని అడుగుదురు. అయ్యా, నాడు కళాశాలను దేవుడో ప్రభుత్వమో నడిపెను. గత పాతికేండ్లలో కళాశాలలు హెచ్చుగా ప్రైవేటువారి చేతులకు పోయినవి. ఉమ్మడిరాష్ట్రమున ఇంజనీరింగు కళాశాలలే యొకదశలో ఆఱువందలకు మించినవి.

ఆ ఫీజులను భరింపలేని కుటుంబములకై, రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నున్నకాలమున ఫీజు తిరిగి చెల్లించు పథకము విస్తరింపబడెను. అది గొప్ప మేలు. దానివలన మొదటితరమువారు వేలకొలది కళాశాల మెట్లెక్కిరి. కాని రెండు సంగతులు మనవా రింకను సరిగా నెఱుగరు. మొదటిది, ఆ సహాయము కన్వీనరుకోటాలో ర్యాంకునుబట్టి వచ్చిన సీటునకే గాని, మేనేజిమెంటుకోటాలో కొనుకొన్న సీటునకు లేదు. రెండవది, ఆ సొమ్ము కాలమునకు రాదు. 2021నుండి తల్లుల ఖాతాలలో వేసిరి. 2024లో ప్రభుత్వము మాఱినపిమ్మట మఱల కళాశాలల ఖాతాలకే యన్నారు. బకాయిలు నిలిచిపోవుట మాత్రము రెండు విధములందును తప్పలేదు. బకాయి నిలిచినప్పుడు కళాశాలవా రేమి చేయుదురు? "ముందు మీరు కట్టుడు, వచ్చినపిమ్మట ఇత్తుము" అందురు. లేదా పరీక్షకు చీటి ఈయరు. చదువు ముగిసినను సర్టిఫికెట్లు పట్టియుంచుదురు. విద్యార్థుల యసలు సర్టిఫికెట్లను కళాశాలలు పట్టియుంచరాదని విశ్వవిద్యాలయ నిధులసంఘము 2018లోనే యుత్తరువు చేసినది. ఆ యుత్తరువును తీసికొనిపోయి కళాశాల కార్యాలయపు బల్లమీద పెట్టుటకు పల్లెటూరి తండ్రికి ధైర్యము చాలదు. సంఘమునకు చాలును.

ఈ సందులోనే అప్పు ప్రవేశించుచున్నది. తల్లి మెడలోని బంగారము కుదువకు పోవును. మహిళాసంఘములో తీసిన యప్పు, బఱ్ఱెను కొనుటకని వ్రాయించినది, ఫీజునకు పోవును. చీటీపాటలో సగము పోగొట్టుకొని పాడుదురు. అవియు చాలనప్పుడు ప్రోనోటు. మామిడితోపు నమ్ముకొని అప్పుచేసిన రైతుల నేమందుము? 2025 వేసవిలో తోతాపురికాయ ధర పడిపోయి, ప్రభుత్వము కిలోకు 4 రూపాయలు కలుపవలసి వచ్చినది మన మందఱము చూచితిమి. ఆ యేడు కాయ అమ్మి కొడుకు మూడవసంవత్సరపు ఫీజు కట్టుదమనుకొన్నవారు మన సంఘములోనే కలరు. పలమనేరువైపునుండి వచ్చిన యొక రైతు మమ్ము, "పెద్దాయనా, వాడు చదివి అప్పు తీర్చునా, అప్పే వానిని తినునా?" అని యడిగెను. ఆయన కడిగినది తత్త్వప్రశ్న కాదు, లెక్క. కావున లెక్కగానే ప్రత్యుత్తర మిత్తుము.

ఏటి కొక లక్షచొప్పున నాలుగేండ్లకు 4 లక్షలు బ్యాంకువా రిచ్చిరనుకొందము. వడ్డి ఏటికి నూటికి 10 అనుకొందము. చదువుకాలమును, పిమ్మట నొక యేడును వాయిదా కట్టనక్కఱలేదు. కాని వడ్డి నడచుచుండును, అదియును బారువడ్డి. మొదటిలక్షకు ఐదేండ్లు, రెండవదానికి నాలుగు, మూడవదానికి మూడు, కడపటిదానికి రెండు. వెరసి వడ్డి 1,40,000. అసలుతో 5,40,000. దీనిని పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 7,136 రూపాయలు. పదేండ్లకు మొత్తము 8,56,320 కట్టిన పిమ్మట అప్పు సమసిపోవును. అదే 4 లక్షలను నూటికి నెలకు 2 రూపాయల వడ్డికి, మన యూళ్లలో దీనిని ధర్మవడ్డి యందురు, తెచ్చినయెడల నెలకు 8,000 వడ్డియే. పదేండ్లలో 9,60,000 చెల్లించిన తర్వాత అసలు 4 లక్షలు చెక్కుచెదరక యెదుట నిలుచుండును. బ్యాంకు వాయిదాకంటె హెచ్చు కట్టుచు, ఒక్కరూపాయియు తీర్పనివాడు రెండవవాడు. మఱి మనవా రా రెండవవానియొద్దకే యేల పోవుచున్నారు? వ్యాపారి యొక్క సాయంకాలములో ఇచ్చును. బ్యాంకున నాలుగుమాఱులు త్రిప్పుదురు. ఆదాయపత్రము, ప్రవేశపత్రము, ఫీజుపట్టిక యడుగుదురు. ఒక్క కాగితము తక్కువైన మఱలిరమ్మందురు. కూలి మానుకొని మూడవమాఱు పోవుటకు మనస్సు రాదు.

వాస్తవమున బ్యాంకులలో మనవారి కున్న వసతులు తక్కువ కావు. 2001లో బ్యాంకులసంఘమువారు రూపొందించిన విద్యాఋణపథకము ననుసరించి 4 లక్షలవఱకు ఆస్తి తాకట్టు పనిలేదు. తలిదండ్రులు కూడ సంతకము చేసిన చాలును. తరువాత 2015లో ప్రభుత్వపు పూచీనిధి యేర్పడి, ఆ వసతి ఏడున్నరలక్షలవఱకు పెరిగినది. ఏటికి నాలుగున్నరలక్షలలోపు ఆదాయముగల కుటుంబపు విద్యార్థి, గుర్తింపుగల సంస్థలో సాంకేతిక, వృత్తివిద్యలు చదివినచో, చదువుకాలపు వడ్డిని కేంద్రప్రభుత్వమే భరించును. పై లెక్కలో ఆ 1,40,000 తీసివేసిన, నెలవాయిదా 5,286కు దిగును. 2024 నవంబరులో ప్రకటించిన విద్యాలక్ష్మీపథకముచే ఎన్నికైన ఉత్తమసంస్థలలో చేరినవారికి తాకట్టుగాని జామీనుగాని లేకయే ఋణ మిత్తురు. ఏర్పేడుచెంత నున్న సాంకేతికవిద్యాసంస్థ, 2015లో మనకు వచ్చినది, ఏటికి రెండులక్షల ఫీజు అనగానే మనవారు దండము పెట్టి తొలగుచున్నారు. కుటుంబాదాయము లక్షలోపైనచో ఆ ఫీజు పూర్తిగ మాఫీ. ఐదులక్షలలోపైనచో మూడింట రెండువంతులు మాఫీ. ప్రవేశపరీక్ష గెలువవలయు ననుట నిజమే. కాని మిక్కిలి ఖరీదైనదని తోచినది పేదవాని కెల్లకంటె చౌకయగుట యెందఱికి తెలియును? మఱియొకవైపున, పేరుకూడ వినని కళాశాలలో కొనుకొన్న సీటునకు ఐదెకరముల మెట్టభూమి అమ్మినవారిని మే మెఱుగుదుము.

కావున మా యభిప్రాయము దాచక చెప్పుచున్నాము. కష్టపడి తెచ్చుకొన్న సీటునకు, బ్యాంకుఋణముతో, పూర్తిచేయగల చదువునకు అప్పుచేయుట తప్పు గాదు, చేయకపోవుటయే తప్పు. కొనుకొన్న సీటునకు వడ్డివ్యాపారి సొమ్ముతో చదివించుట చదివించుట గాదు, పందెము కాయుట. ఈ రెంటినడుమ సందేహమున్నచోట ఒక్క కొలత చాలును: నెలవాయిదా బిడ్డకు మొదట రాదగిన జీతములో నాలుగవవంతు మించునా? 7,136 రూపాయల వాయిదాకు ఇంచుమించు 28,500 జీతము కావలయును. ఆ కళాశాలలో గతసంవత్సరము చదివి వెలువడిన పిల్లల నడుగుడు, ప్రకటనల నడుగవలదు. అన్నిటికంటె చెడ్డయప్పు చదువు నడుమ మానినవానిది. సబ్జెక్టులు నిలిచిపోయి, డిగ్రీ చేతికి రాక, వాయిదా మాత్రము వచ్చును. వాని కప్పుడు కావలసినది రెండవసంవత్సరములో ఒకరు కూర్చుండబెట్టి గణితము చెప్పుట. అందుకు లక్షలు కావు, మనలోని విశ్రాంత యుపాధ్యాయులు చాలును.

పట్టభద్రులకు ఉద్యోగములు లేవుగదా, చదువేల యను మాట పలువు రందురు. అంతర్జాతీయ కార్మికసంస్థవారు 2024లో వెలువరించిన నివేదికలో, 2022నాటికి మనదేశపు యువపట్టభద్రులలో నూటికి 29 మందికి పని లేదనియు, చదువను వ్రాయను రానివారిలో నూటికి 3 మందికే పని లేదనియు కలదు. దీనిని జూచి చదువు నష్టమనుట తొందరపాటు. చదువు రానివానికి ఖాళీగా కూర్చుండు స్తోమత లేదు, దొరకినకూలికి పోవును. పట్టభద్రుడు తగినపనికై యెదురుచూచును. కాని అప్పున్నవా డెంతకాల మెదురుచూడగలడు? అందుకే పాలిటెక్నికు చదువును మనవారు చిన్నచూపు చూడరాదని మా మనవి. పదవతరగతి పిమ్మట మూడేండ్లు, ఫీజు స్వల్పము, ప్రభుత్వపు పాలిటెక్నికు తిరుపతిలోనే యున్నది, దేవస్థానమువారు బాలికలకు వేఱుగ నడుపుచున్నారు. పనిలో చేరి, చేతిలో జీతముండగా పై చదువు చదివినవారును కలరు. "ఇంజనీరు" అను మాట పెండ్లిపత్రికలో బాగుండును గాని, బ్యాంకు లెక్కపుస్తకములో ఆ మాటకు విలువ లేదు.

అమెరికాసంగతి క్లుప్తముగా చెప్పెదము. అచ్చటి పట్టమునకై ముప్పది, నలుబది లక్షలు అప్పుచేయుట మన జిల్లాలలో నేడు సామాన్యమైనది. డాలర్లలో సంపాదించి రూపాయలలో తీర్తుమను లెక్క కొంతకాలము సరిగానే నడచినది. ఆ లెక్కకు ఆధారము ఉద్యోగానుమతి. చదువు ముగిసినపిమ్మట ఒక యేడును, సాంకేతికశాస్త్రములైనచో మఱి రెండేండ్లును పని చేయనిత్తురు. ఆపైన ఎచ్-1బి కావలయును. అవి సామాన్యముగా ఏటికి 85,000 మించవు. 2025 సెప్టెంబరులో, వెలుపలినుండి రప్పించువారికై వేయు నూతన దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును ప్రకటించిరి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మూతపడినప్పుడు తెలుగుపిల్లల కాళ్లకు నిఘాపట్టీలు తగిలించిన సంగతి మఱచిపోయితిమి. 2019లో ఫార్మింగ్టను పేరిట అచ్చటి ప్రభుత్వమే నిలిపిన బూటకపు విశ్వవిద్యాలయములో చిక్కి నూఱుమందికి పైగా భారతీయులు నిర్బంధింపబడిరి, అందును తెలుగువారే పెక్కండ్రు. పంటఋణములవలె చదువుఋణములును ఏనాడైన మాఫీ యగునని కొంద ఱాశించుచున్నారు. అమెరికాలోనే 2022లో ప్రభుత్వము విద్యాఋణములను కొంతమేర మాఫీ చేయబోగా, 2023లో సర్వోన్నతన్యాయస్థానము త్రోసివేసినది. ఆ యాశ పెట్టుకొని సంతకము చేయవలదు.

ఆడబిడ్డల విషయమున మాకు కోపము వచ్చుచున్నది, క్షమింపుడు. "దానికి చదువునకొక అప్పు, పెండ్లికొక అప్పు, రెండెట్లు?" అనువారు మన సంఘములో గౌరవనీయులే. కట్నము 1961నుండి చట్టవిరుద్ధము. చట్టవిరుద్ధమైన యప్పునకు సిద్ధపడి, బాలికలకు పలు బ్యాంకులు వడ్డియందు అరశాతము తగ్గించు చట్టబద్ధమైన యప్పునకు వెనుదీయుట యేమి న్యాయము? మొన్నటియేడు మన సంఘపు బహుమతులందుకొన్న బాలికలలో ఇద్దఱు కళాశాలలో చేరలేదని తెలిసి మేము విచారించితిమి. ఇరువురకును ర్యాంకులున్నవి. ఇరువుర తండ్రులును అప్పే కారణమనిరి. వారిలో ఒకరి తమ్ముడు కొనుకొన్న సీటులో చదువుచున్నాడు.

ఇప్పుడు సత్రపు సంగతి. కొండకు వచ్చు మనవారికి నిలువనీడ కల్పించుట పుణ్యకార్యమే. పూర్వులు కట్టించిన యీ సత్రమున మనలో నిద్రింపనివారు లేరు. రెండవయంతస్తునకు దాతల పేర్లు పాలఱాతిపై చెక్కింతురు. చదువునిధికి ఱాయి లేదు, అది మేము నెఱుగుదుము. కాని యాత్రికులకు దేవస్థానమువారి వసతిగృహములు కలవు, పట్టణమున లాడ్జీలు కలవు. ఫీజు చీటికి గడువు రేపనగా, ప్రభుత్వపు సొమ్ము ఆఱునెలలకుగాని రాదనగా, ఆ నడుమకాలమునకు చేయి యిచ్చువాడు వడ్డివ్యాపారి తప్ప వేఱొకడు లేడు. ఆ స్థానమున సంఘము నిలువవలయునని మా కోరిక. హైదరాబాదులో 1918లో వేంకటరామారెడ్డిగారు రెడ్డివసతిగృహమును స్థాపించినప్పుడు చేసిన దిదియే: గోడలు కట్టిరి, కాని లోపలికి రానిచ్చినది విద్యార్థులను.

మా సూచన యిది. భవననిధిలో సగమును వేఱుచేసి బదులునిధిగా నుంచవలయును. దానము వలదు, దానము పుచ్చుకొనుటకు మనవారికి మనస్సు ఒప్పదు, ఇచ్చినవారును పదేండ్లు చెప్పుకొందురు. వడ్డిలేని బదులు, ప్రభుత్వపు సొమ్ముగాని బ్యాంకు సొమ్ముగాని వచ్చినంతనే తిరిగి చేరవలయును. మేనేజిమెంటు సీటునకు ఈ నిధినుండి ఒక్కరూపాయియు నీయరాదు; ఈ నిబంధనపై పోషకులలో కొందఱికి కష్టము తోచవచ్చును, అయినను ఇదియే నిధికి ప్రాణము. బాలికల దరఖాస్తులు ముందు చూడవలయును. బ్యాంకులో ఆదాయాధికముచేత జామీను కోరినచోట సంఘపక్షమున ముగ్గురు సభ్యులు సంతకము చేయవలయును. పుచ్చుకొన్నవారి పేర్లు సభలో చదువరాదు, సంచికలో అచ్చువేయరాదు. లెక్క మాత్రము ప్రతిసంవత్సరము చదువవలయును. పిల్లలు తిరిగి యీయరేమోయని కోశాధికారిగారు నిన్నరాత్రి మాతో ననిరి. కొంద ఱీయకపోవచ్చును. సత్రములో గదులు పుచ్చుకొని దీపపు సొమ్ముకూడ చెల్లింపక పోయినవారు లేరా? అందుకై సత్రము మూయలేదుగదా!

తీర్మానపు ముసాయిదా కార్యదర్శిగారియొద్ద నున్నది. విషయనిర్ణయసభ మూడుగంటలకు. భోజనములపిమ్మట నిద్రకు పోక దయచేయుడు. ముఖ్యముగా, ఇంట చదువుకొను బిడ్డలున్న తల్లులు వెనుక వరుసలలో గాక ముందు కూర్చుండవలయునని కోరుచున్నాము. ఇంజనీరింగు కౌన్సెలింగు మొదలగునాటికి నిధి చేతి కందవలె నన్న, తీర్మానము నేడే కావలసియున్నది.